మీకు తెలుసా? కోల్‌కతా దెయ్యాలు భయపెట్టవు... పొట్ట చెక్కలు చేస్తాయి!

ఇటు రండి, కాస్త దగ్గరగా! ఒక గుట్టు చెప్తాను. దెయ్యాల బొమ్మల సినిమా వస్తుంటే పిల్లలు దుప్పటి ముసుగేస్తారు. ముసుగులోంచి 1 కన్ను మాత్రం బయట పెడతారు. భయపడుతూనే కిలకిలా నవ్వుతారు! భయమూ నవ్వూ ఒకే కంచంలో! ఈ వంటకం హాలీవుడ్‌దే అనుకుంటున్నారా? కానే కాదు! కోల్‌కతా వాళ్లు దీన్ని ఏనాడో వండేశారు. నమ్మరా? అయితే వినండి!

చచ్చినా ఆగని డ్యాన్సు

సత్యజిత్ రే అనగానే మీకు ‘పథేర్ పాంచాలీ’ గుర్తొస్తుందా? కన్నీళ్లు, పేదరికం, రైలు! కానీ ఆయనే అడవిలో దెయ్యాలతో డ్యాన్సు చేయించారు! సినిమా పేరు ‘గూపీ గాయెన్ బాఘా బాయెన్’. ఆ డ్యాన్సు ఎంతసేపో తెలుసా? దాదాపు 6.5 నిమిషాలు! మాట లేదు. పాట లేదు. ఒట్టి దరువే! దెయ్యాలు ఎగురుతాయి, తిరుగుతాయి, ఉన్నట్టుండి తమలో తామే కొట్టుకుంటాయి. చచ్చినవాళ్లు మళ్లీ చావగొట్టుకోవడం ఎక్కడైనా చూశారా?

ఇంతకీ ఆ దరువు ఎక్కడిదో ఊహించండి. మన దక్షిణాదిది! మృదంగం, ఘటం, కంజీర, మోర్సింగ్. మొత్తం 4 వాద్యాలు! దెయ్యాల్లోనూ అన్నే గుంపులు మరి. రాజులు, రైతులు, తెల్లదొరలు, బొజ్జలు పెంచిన పెద్దమనుషులు! ఒక్కో గుంపుకి ఒక్కో వాద్యం. రాజులొస్తే మృదంగం. బొజ్జరాయుళ్లొస్తే మోర్సింగ్! బతికినన్నాళ్లూ తేడాలే, చచ్చాకా తేడాలే! ఇంతకన్నా చేదు హాస్యం ఉంటుందా?

ఆ సినిమాలో భూతాల రాజు గణగణా మాట్లాడతాడు. వింత గొంతు! యంత్రంలోంచి వస్తున్నట్టే ఉంటుంది. అది ఎవరిదో తెలుసా? సాక్షాత్తూ సత్యజిత్ రేదే! ఆ దెయ్యం ఇచ్చిన వరాలు 3. చప్పట్లు కొడితే తిండీ బట్టా! చెప్పులేసుకుంటే ఎక్కడికైనా రెక్కలు లేని ప్రయాణం! పాట పాడితే విన్నవాళ్లు ఎక్కడివాళ్లక్కడ బిగుసుకుపోతారు! దేవుళ్లు కాదు, దెయ్యం ఇచ్చింది ఇవన్నీ!

ఇంకో చమత్కారం! ఆ సినిమా విడుదలైంది 1969లో. సినిమా అంతా నలుపు తెలుపే. రాజులు, కోటలు, యుద్ధాలు, దెయ్యాలు... అన్నీ బూడిద రంగే! సరిగ్గా చివర్లో టక్కున తెర మీద రంగులు విరజిమ్ముతాయి! హాల్లో పిల్లలు ఎంత కేరింతలు కొట్టి ఉంటారో ఊహించుకోండి!

ఈ కథ రాసిందెవరో తెలుసా? సత్యజిత్ రే వాళ్ల తాతయ్య! ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌదురి. ‘సందేశ్’ అనే పిల్లల పత్రికలో 1915లో రాశారు. తాతని మనవడు చూడనే లేదు! మనవడు పుట్టకముందే తాత వెళ్లిపోయాడు. అయినా తాత దెయ్యాలు మనవడి చేతికి చిక్కాయి. ఆస్తులు పంచుకునే ఇళ్లు చూశాం. దెయ్యాలు వారసత్వంగా వచ్చిన ఇల్లు చూశారా?

ఆ దెయ్యాలు అక్కడితో ఆగాయా? లేదు! 2013లో ఏకంగా యానిమేషన్‌లోకి దూకాయి. ‘గూపీ గవైయా బాఘా బజైయా’ పేరుతో శిల్పా రానడే ఆ కథని బొమ్మల సినిమాగా తీశారు. పాడటం రాని గాయకుడు, వాయించడం రాని వాద్యగాడు! ఊళ్లోంచి గెంటించుకున్న ఇద్దర్నీ దెయ్యాలు నెత్తిన పెట్టుకున్నాయి. అక్కణ్ణుంచి నేరుగా కెనడా! టొరంటో చిత్రోత్సవంలో ప్రదర్శన! బెంగాలీ దెయ్యాలకి పాస్‌పోర్ట్ అక్కర్లేదు కదా!

సత్యజిత్ రే తీసిన సినిమాకి తర్వాతి భాగం ‘హీరక్ రాజార్ దేశే’. 1980 నాటి సినిమా. అందులో మెదళ్లు కడిగే గది ఉంటుంది! ఎదురు మాట్లాడితే చాలు, లోపలికి తోసి బుర్ర శుభ్రం చేసేస్తారు. బయటికొచ్చాక రాజుగారికి జేజేలే! చివరికి ఏమవుతుందో తెలుసా? రాజునే ఆ గదిలోకి తోస్తారు! ఆయనే వచ్చి తన విగ్రహానికి కట్టిన తాడు పట్టుకుని లాగుతాడు! జనంతో కలిసి! భయమేసిందా, నవ్వొచ్చిందా? రెండూ వచ్చాయి కదూ!

ఎముకలతో ఆటలు

ఇప్పుడు కాసేపు సముద్రం దాటుదాం! వాల్ట్ డిస్నీ అంటే మిక్కీ మౌస్ ఒక్కటేనా? ‘ది స్కెలిటన్ డ్యాన్స్’ చూడండి! 1929 నాటి చిట్టి కార్టూన్. శ్మశానంలో అస్థిపంజరాలు చిందులేస్తాయి. ఒక అస్థిపంజరం పక్కదాని ఎముకలు పీకి, దాని వెన్నుపూస మీదే టకటకా వాయిస్తుంది! అవును, నిజమే! నవ్వించడానికే ఇదంతా!

గీసిన బొమ్మలే కాదు, చేత్తో చేసిన బొమ్మలూ తెర మీద కదులుతాయి! బొమ్మని కాస్త కదపడం, ఫొటో తీయడం. మళ్లీ కదపడం, మళ్లీ తీయడం. దీన్నే స్టాప్ మోషన్ అంటారు. తెర మీద ఒక్క సెకను గడవాలంటే 24 ఫ్రేములు కావాలి! మీరు కన్ను మూసి తెరిచేలోపు ఎన్ని ఫొటోలు దాటిపోతాయో లెక్కేసుకోండి. దెయ్యం ఒకసారి మెడ తిప్పడానికి మనిషి మెడలు పట్టేస్తాయన్నమాట!

‘ది నైట్‌మేర్ బిఫోర్ క్రిస్మస్’లో హీరో ఎవరు? జాక్! సన్నగా, పొడుగ్గా, ఉత్త ఎముకల పోగు! అతని తలలు ఎన్నో చెప్పండి. ఒకటా? పప్పులో కాలేశారు! దాదాపు 400! నవ్వితే ఒక తల, ఏడిస్తే ఒక తల, ‘ఆ’ అంటే ఇంకో తల! మాట మాటకీ తల తీసి తల పెట్టారు! మన రావణుడు కూడా ఇన్ని మోయలేడు!

ఆ సినిమా తీసింది టిమ్ బర్టన్ అనుకుంటున్నారా? అందరూ అలాగే అనుకుంటారు! కథ, ఊహ ఆయనవే. కానీ దర్శకుడు హెన్రీ సెలిక్! అంతకన్నా తమాషా ఇంకోటుంది. 1993లో అది విడుదలైనప్పుడు డిస్నీ తన పేరు పైన పెట్టుకోలేదు. పిల్లలు జడుసుకుంటారని భయం! టచ్‌స్టోన్ అనే ఇంకో బ్యానర్ మీద వదిలింది. ఆ తర్వాత? పిల్లలు జడుసుకోలేదు సరికదా, జాక్ బొమ్మల టీషర్టులు వేసుకుని తిరిగారు!

టిమ్ బర్టన్ మొదట్లో తీసిన చిట్టి సినిమా ‘విన్సెంట్’. హీరో వయసు 7 ఏళ్లు! చదువుకునే వయసులో వాడి కోరికేంటో తెలుసా? దెయ్యం సినిమాల నటుడు విన్సెంట్ ప్రైస్‌లా అయిపోవాలని! అత్తయ్యని కరిగిన మైనంలో ముంచాలని కలలు కంటాడు! దీనికి గొంతిచ్చింది ఎవరో ఊహించండి. స్వయంగా ఆ విన్సెంట్ ప్రైసే! అభిమాని కలని హీరోనే చదివి వినిపించాడన్నమాట!

చచ్చిపోయిన కుక్కకి కరెంటు షాకిచ్చి బతికిస్తాడు ఓ కుర్రాడు! అదే ‘ఫ్రాంకెన్‌వీనీ’. బర్టన్ కుర్రతనంలో డిస్నీ కోసం దీన్ని చిన్న సినిమాగా తీశాడు. పిల్లలకి ఇదేం కథ అని పక్కన పెట్టారు! 28 ఏళ్లు గడిచాయి. అదే డిస్నీ! అదే బర్టన్! అదే కుక్క! ఈసారి పూర్తి నిడివి బొమ్మల సినిమా, అదీ నలుపు తెలుపులో! చచ్చిన కుక్కే కాదు, అటకెక్కిన సినిమా కూడా లేచొచ్చింది!

‘కోరలైన్’ సినిమాలో ఇంకో లోకపు అమ్మ కళ్లు ఎలా ఉంటాయో తెలుసా? కళ్లు కాదు, చొక్కా బొత్తాలు! నీకూ కుట్టేస్తా రమ్మంటుంది! 2009లో వచ్చిందిది. అందులో కోరలైన్ అనే పిల్ల వేసుకున్న స్వెటర్‌ని నిజంగానే చేత్తో అల్లారు! తీగలంత సన్నటి సూదులతో! ఆల్థియా క్రోమ్ అనే కళాకారిణి పనితనం అది. బొమ్మకి చలేస్తుందా ఏంటి? అయినా అల్లారు!

మళ్లీ కోల్‌కతాకి వచ్చేద్దాం! ఇక్కడో యానిమేషన్ స్టూడియో ఉంది. దాని పేరే ‘ఘోస్ట్’! వాళ్ల చిట్టి సినిమా ‘వేడ్’. దర్శకులు ఉపమన్యు భట్టాచార్య, కల్ప్ సంఘ్వీ. సముద్రం పొంగి కోల్‌కతా మునిగిపోయింది. రోడ్లన్నీ నీళ్లు! ఆ నీళ్లలో మనుషుల్ని వేటాడుతూ సుందర్‌బన్ పులులు! 2020లో ఫ్రాన్స్‌లోని యానెసీ యానిమేషన్ పండుగలో బహుమతి కొట్టేసింది. దెయ్యాల కంపెనీకి ప్రపంచ గుర్తింపు!

కోల్‌కతాలో బొమ్మలు కదలడం ఇప్పుడే మొదలైందనుకునేరు! 1934లోనే న్యూ థియేటర్స్ వాళ్లు ‘ది పీ బ్రదర్స్’ అనే కార్టూన్ సినిమా తీశారు. గుణమయ్ బెనర్జీ దర్శకుడు. కంప్యూటర్‌తో బొమ్మలు కదపడం ఇంకా పుట్టని రోజులు! అప్పుడే ఇక్కడ గీతలు లేచి గంతులేశాయి!

రాత దెయ్యాలు, గీత దెయ్యాలు

ఓ మంగలి. ఓ దెయ్యం. దెయ్యం మింగేస్తానంటుంది. మంగలి సంచిలోంచి అద్దం తీస్తాడు! ‘ఇదిగో, ఇందాకే ఒకణ్ణి పట్టాను. నీకూ చోటుంది’ అన్నట్టు బెదిరిస్తాడు. అద్దంలో తన మొహం చూసుకున్న దెయ్యానికి ముచ్చెమటలు! కాళ్ల మీద పడి ధాన్యం మోసిపెడుతుంది! లాల్ బిహారీ దే అచ్చేసిన బెంగాల్ జానపద కథల్లో ఉందిది. అచ్చయింది 1883లో! దెయ్యమే జడుసుకున్న కథ ఇంకెక్కడైనా విన్నారా?

దెయ్యాలు ఎలా తయారవుతాయి? త్రైలోక్యనాథ్ ముఖోపాధ్యాయ్ ‘లుల్లు’ కథలో చెప్పేశారు. నీళ్లు గడ్డకడితే ఐసు కదా, చీకటి గడ్డకడితే దెయ్యమట! మిషన్ పెడితే కుప్పలుగా చేసుకోవచ్చట! ఇంతకీ ఆయన ఉద్యోగం ఎక్కడో తెలుసా? కోల్‌కతా ఇండియన్ మ్యూజియంలో! ఇప్పుడక్కడ ఎవరున్నారో తెలుసా? 4000 ఏళ్ల నాటి ఈజిప్టు మమ్మీ!

పెళ్లాంతో గొడవ. మొగుడు చచ్చి దెయ్యమయ్యాడు. హాయిగా ఉందామనుకున్నాడు. అప్పుడు తగులుకున్నారు, గత జన్మల పెళ్లాలు! ఈ జన్మతో కలిపి 3 జన్మల వాళ్లు! అటు పెళ్లాం వెనక కూడా అన్ని జన్మల మొగుళ్లు! మైదానం నిండా దెయ్యాల కాపురం గొడవ! ‘పరశురామ్’ అనే పేరుతో రాజశేఖర్ బసు రాసిన ‘భూషండీర్ మాఠే’ కథ ఇది. ఆయన పగలు ఏం చేసేవారో తెలుసా? బెంగాల్ కెమికల్ కంపెనీ నడిపేవారు!

సగం బాతు, సగం ముళ్లపంది! సగం ఏనుగు, సగం తిమింగలం! సుకుమార్ రే ‘ఆబోల్ తాబోల్’లో ఇలాంటి జంతువులే తిరుగుతాయి. బొమ్మలూ ఆయనే గీశారు. ఆయనెవరో చెప్పనే లేదు కదూ, సత్యజిత్ రే వాళ్ల నాన్న! ఆ పుస్తకం బయటికొచ్చేసరికి ఆయన లేరు. పోయిన 9 రోజులకి అచ్చయింది! మంచం మీద చావుతో పోరాడుతూ ఊరంతటినీ నవ్వించే పుస్తకం తయారుచేశాడా మనిషి!

రవీంద్రనాథ్ టాగోర్ కవిత రాసేటప్పుడు తప్పుపోతే కొట్టేసేవారు. అందరూ కొట్టేస్తారు, అందులో వింతేముంది? ఉంది! ఆ కొట్టివేతలన్నీ కలిపి బొమ్మలు గీసేవారు. ముక్కులు, కోరలు, వింత పక్షులు, పేరులేని మృగాలు! అలా మొదలై ఎన్ని బొమ్మలు గీశారో తెలుసా? 2000 పైనే! అదీ అరవై దాటాక! నోబెల్ కవి కాగితాల్లో ఇన్ని భూతాలు దాక్కున్నాయని ఎవరనుకుంటారు?

అంతేనా? రవీంద్రులు ఆత్మల్ని కూడా పిలిచారు! 1929లో! ఉమాదేవి అనే అమ్మాయి పెన్సిల్ పట్టుకుని కూర్చునేది. కవి ప్రశ్నలు అడిగేవారు. జవాబులు కాగితం మీద పడేవి! అలా పిలిచినవాళ్లలో ఎవరున్నారో ఊహించండి. సుకుమార్ రే! బతికుండగా నవ్వించిన స్నేహితుణ్ణి పోయాక కూడా కబుర్లకి పిలిచారన్నమాట!

టాగోర్ల ఇంట్లోనే ఇంకో మహానుభావుడు! గగనేంద్రనాథ్ టాగోర్. 1917లో ‘బిరూప్ బజ్ర’ అని వ్యంగ్య చిత్రాల పుస్తకం వేశారు. డంబాల బాబులు, కపట గురువులు! అందర్నీ నల్లని సిరాతో భూతాల్లా సాగదీసి గీశారు. పొట్టలు పెరుగుతాయి, ముక్కులు వంకర పోతాయి! గోడకి తగిలిస్తే పిల్లలు జడుసుకుంటారు. దగ్గరికెళ్లి చూస్తే పెద్దలు సిగ్గుపడతారు!

మన కథల్లో మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంటుంది కదా! బెంగాల్లో రాక్షసి ప్రాణం ఎక్కడుంటుందో తెలుసా? తుమ్మెదలో! చెరువు అడుగున, పెట్టెలో, ఎవరికీ కనపడకుండా! దక్షిణారంజన్ మిత్ర మజుందార్ ఊరూరూ తిరిగి పోగేసిన ‘ఠాకూర్‌మార్ ఝులీ’లో ఇలాంటివి కోకొల్లలు. అచ్చయింది 1907లో! ముందుమాట ఎవరిదో చెప్పుకోండి. రవీంద్రులదే! ఆ ఊళ్లో దెయ్యం ఎటు తిరిగినా ఆయన గుమ్మం దగ్గరే తేలుతుంది!

మన గడప తొక్కిన దెయ్యాలు

‘చందమామ’ బేతాళుణ్ణి మరిచిపోయారా? చెట్టు మీంచి దించడం, భుజాన వేసుకోవడం, కథ వినడం! శవమే కథ చెప్తుంది, ఎంత ధీమా! ఆ బేతాళుణ్ణి కోల్‌కతాలో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ బెంగాలీలోకి దించారు, 1847లో! మద్రాసులో ‘చందమామ’ పుట్టింది ఎప్పుడో లెక్కేయండి. సరిగ్గా నూరేళ్ల తర్వాత! బేతాళుడు చెట్టు దిగి మన దాకా తీరిగ్గా నడిచొచ్చినట్టుంది!

యముడి కొలువులోకి బతికున్న మనిషి వెళ్తే? ‘మనకి తెలిసిందేగా, ఎన్టీఆర్ సినిమా!’ అంటారా? 1960 నాటి ‘దేవాంతకుడు’! నిజమే. కానీ దాని మూలం ఎక్కడుందో తెలుసా? కోల్‌కతాలో! ‘జమాలయే జీవంత మానుష్’ అనే బెంగాలీ సినిమా. అక్కడ హీరో నవ్వుల రాజు భాను బందోపాధ్యాయ్! ఆ తర్వాత మన తెరమీద యముడు ఎన్నిసార్లు తిప్పలు పడ్డాడో మీకే తెలుసు!

పాత బంగళాలన్నీ కూలగొట్టి అపార్ట్‌మెంట్లు కడితే దెయ్యాలు ఎక్కడుండాలి? ఎవరైనా ఆలోచించారా? అనీక్ దత్తా ఆలోచించారు! 2012 నాటి ‘భూతేర్ భవిష్యత్’లో దెయ్యాలకి ఇళ్ల కరువు! ఒక బంగళాలో చోటు కోసం ఇంటర్వ్యూలు! నవాబు వంటవాడు, తెల్లదొర, పాత సినిమా తార, రిక్షావాలా... అందరూ క్యూలో! చివరికి దెయ్యాలన్నీ కలిసి బిల్డరు మీద కుట్ర పన్నుతాయి! ఈ కథలో మీరు ఎవరివైపు?

నగల పెట్టె కాపలా కాసే మేనత్త దెయ్యం! నోరు తెరిస్తే బూతులు! అపర్ణా సేన్ తీసిన ‘గొయ్‌నార్ బాక్షో’లో ఆ దెయ్యం మౌసమీ చటర్జీ. 3 తరాల ఆడవాళ్ల కథ. భయపడుతూ వచ్చిన కొత్త కోడలు చివరికి చీరల కొట్టు పెడుతుంది, పెట్టుబడి ఆ నగలే! బతికుండగా ఎవరూ పట్టించుకోని బాలవితంతువు. చచ్చాక ఇంటిని గడగడలాడించింది! నవ్వు వెనక ఎంత కసి ఉందో!

ఊరే ఓ భూతాల కొంప

కోల్‌కతా నేషనల్ లైబ్రరీలో ఓ గది బయటపడింది. తలుపు లేదు! కిటికీ లేదు! ఎటు నుంచీ దారి లేదు! దాదాపు 1000 చదరపు అడుగులు! నిధి ఉందన్నారు. చిత్రహింసల గది అన్నారు. అస్థిపంజరాలు ఉంటాయన్నారు. ఊరంతా ఊపిరి బిగబట్టింది. పురావస్తు శాఖ వాళ్లు తవ్వి చూస్తే ఏముందో తెలుసా? మట్టి! గది నిండా ఒట్టి మట్టి! గోడలకి బలం కోసం నింపేశారట!

పార్క్ స్ట్రీట్ పక్కనే పిరమిడ్లు ఉన్నాయి, తెలుసా? సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానం! 1767లో తెరిచారు. స్తూపాలు, గోపురాలు, నాచు పట్టిన మండపాలు! ఒక తెల్లదొర సమాధి అయితే హిందూ గుడిలా ఉంటుంది! ఆయన పేరు చార్లెస్ స్టూవర్ట్. సత్యజిత్ రే తన డిటెక్టివ్ ఫెలూదాని ఇక్కడికే పంపి ఓ నవల నడిపించారు. సెట్టు వేసే ఖర్చు లేదు చూడండి!

మనం దీపావళికి లక్ష్మిని పిలుస్తాం. అక్కడ కాళీ పూజ ముందు రోజు దెయ్యాల పండుగ! పేరు భూత్ చతుర్దశి. ఇంటి చుట్టూ 14 దీపాలు పెడతారు. అన్నే రకాల ఆకుకూరలు కలిపి వండుకు తింటారు! ఆ రాత్రి పూర్వీకులు ఇంటికొస్తారట. దెయ్యాలకి దారి చూపిస్తూ, మనుషులు ఆకుకూర తింటూ! డాక్టర్లు చెప్తే తినని పిల్లలు కూడా ఆ రోజు మారు మాట్లాడరు!

చివరిగా ఒక్క జాగ్రత్త! బెంగాల్లో ‘నిశి’ అని ఓ దెయ్యం ఉంది. అర్ధరాత్రి మీకు తెలిసినవాళ్ల గొంతుతోనే పేరు పెట్టి పిలుస్తుంది. పలికారా, అయిపోయారు! కానీ దానికో బలహీనత ఉంది. 2 సార్లకి మించి పిలవలేదు! అందుకే అక్కడి పెద్దవాళ్లు మూడో పిలుపు దాకా ఆగమంటారు. కాబట్టి కోల్‌కతా వెళ్తే రాత్రిపూట పిలుపులు లెక్కపెట్టండి! మూడోసారి కూడా పిలిచారా? అయితే దెయ్యం కాదు, కచ్చితంగా మీ ఆవిడే! వెంటనే పలకండి, ఆలస్యమైతే ఆ భయం వేరే!